కాళ్ల అలజడికి ఐదేళ్లుగా వేసుకుంటున్న మాత్ర: పెంచాలా, మార్చాలా?

గోదావరి జిల్లాల నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక ఆ రెండూ, ఆమెను గుర్తుపట్టించే మరికొన్ని వివరాలూ వదిలేసి, ఉత్తరంలోని అసలు విషయాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు యాభై రెండేళ్లు. రెండో కాన్పు ముందు, ఏడో నెలలో, రాత్రి నడుం వాల్చగానే పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, ఎవరో లోపలి నుంచి గుంజుతున్నట్టు ఉండేదట. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గేది, పడుకుంటే మళ్లీ మొదలయ్యేది. కాన్పయ్యాక పోయిన ఆ బాధ నలభై దాటాక తిరిగి వచ్చింది. తన చిన్నతనంలో అమ్మ కూడా రాత్రిళ్లు తడి తువ్వాలు బిగించి పిక్కలకు కట్టుకునేదనీ, "కాసేపు కాళ్ల మీద నిలబడి తొక్కవే" అని తనను పిలిచేదనీ, ఆ పిలుపు ఇప్పుడు అర్థమవుతోందనీ రాశారు.

ఐదేళ్ల కిందట ఒక వైద్యుడు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌గా గుర్తించి ప్రామిపెక్సోల్ మాత్ర 0.125 మి.గ్రా. రాత్రికి ఒకటి చొప్పున ఇచ్చారు. మొదటి రాత్రే మంత్రం వేసినట్టు నిద్ర పట్టింది. ఏడాదిన్నర గడిచాక మందు చాలకపోవడంతో 0.25కు, తరువాత 0.5కు పెంచారు. ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి 0.25, రాత్రికి 0.5, మొత్తం 0.75 మి.గ్రా. వాడుతున్నారు. అయినా ఒకప్పుడు రాత్రి పదింటికి మొదలయ్యే బాధ ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికే వస్తోంది. పాఠం చెబుతూ బోర్డు దగ్గర నిలబడినంతసేపు బాగానే ఉంటుంది, స్టాఫ్ రూములో కూర్చుంటే చాలు మొదలవుతుంది. పరీక్ష పేపర్లు కూడా నిలబడే దిద్దుతున్నారట. ఈ మధ్య మోచేతుల కింద కూడా అదే గుంజుడు.

పాత వైద్యుడు 1 మి.గ్రా.కు పెంచుదామన్నారు. మరో ఊళ్లో చూపించుకున్న వైద్యురాలు ఈ మందు మెల్లగా తగ్గించి, నరాల నొప్పులకు కూడా వాడే ప్రీగాబాలిన్‌కు మారాలన్నారు. ఏది నమ్మాలో తెలియక దసరా సెలవుల్లో ఆమె తనంతట తానే ప్రామిపెక్సోల్ ఒక్కసారిగా మానేశారు. మూడు రాత్రులు రెప్ప వాలలేదు, హాలులో గోడ పట్టుకుని తెల్లవారే దాకా నడిచారు, నాలుగో రాత్రి ఓడిపోయి మళ్లీ మాత్ర వేసుకున్నారు. ఆ తరువాత ప్రీగాబాలిన్ కూడా ప్రయత్నించారు. చీటీలో 75 మి.గ్రా. ప్రీగాబాలిన్ మాత్రమే ఉండగా, మందుల దుకాణంలో అది లేదని, "ఇదీ అదే" అంటూ ప్రీగాబాలిన్, నార్‌ట్రిప్టిలిన్ కలిసి ఉన్న మాత్ర ఇచ్చారు. ఆరు రోజులు వేసుకుంటే కాళ్లు ఇంకా ఎక్కువయ్యాయి. ప్రీగాబాలిన్ తన ఒంటికి పడదని తేల్చుకుని మానేశారు.

వీటితో పాటు రక్తపోటుకు టెల్మిసార్టాన్, నాలుగేళ్లుగా పరగడుపున రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన గ్యాసు గొట్టం మాత్ర, తుమ్ములు వచ్చిన రోజుల్లో జలుబు మాత్ర వాడుతున్నారు. హిమోగ్లోబిన్ 11.8 ఉందని, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్ష ఎప్పుడూ చేయలేదని రాశారు.

ఉత్తరం చివర, "దీనికీ కాళ్లకూ సంబంధం లేదు, ఎవరికీ చెప్పుకోలేక మీకు చెబుతున్నాను" అంటూ మరో మాట ఉంది. రెండేళ్లుగా అర్ధరాత్రి ఫోనులో చీరలు కొంటున్నారు. కొన్నవాటిలో చాలా వరకు పొట్లం కూడా విప్పకుండా బీరువా వెనుక ఉన్నాయి. క్రెడిట్ కార్డు అప్పు లక్షా ఎనభై వేలు దాటింది. భర్తకు తెలియదు. "ఇరవై ఆరేళ్లు ఉద్యోగం చేసి ఒక్క రూపాయి వృథా చేయని దాన్ని, నా బుద్ధి ఎందుకిలా అయిపోయింది?" అని అడిగారు.

అమ్మా, మీరు సంబంధం లేదనుకున్న ఆ చివరి పేరాతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మందు మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన ఆధారం అదే. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు మెదడులో డోపమిన్ అనే రసాయనం చేసే పనిని తాము చేస్తాయి. ఆ డోపమినే మనిషిలో కోరికను, అది తీరినప్పుడు కలిగే తృప్తిని కూడా నడిపిస్తుంది. అందువల్ల ఈ మందులు వాడేవారిలో కొందరికి అంతకుముందు ఎన్నడూ లేని విధంగా ఆపుకోలేని కొనుగోళ్లు, జూదం, అతిగా తినడం, లైంగిక వాంఛ పెరగడం కనిపిస్తాయి. ఇది మందు కాగితంలో అచ్చు వేసి ఉన్న దుష్ఫలితమే. ఐదేళ్ల కిందట మందు మొదలుపెట్టారు, రెండేళ్ల కిందట కొనుగోళ్లు మొదలయ్యాయి. మోతాదు 0.5కు పెరిగింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనేనా అన్నది మీ పాత చీటీలు తీసి చూడండి. మిమ్మల్ని పరీక్షించకుండా కారణం ఇదేనని నేను తీర్పు చెప్పలేను కానీ, ఇరవై ఆరేళ్ల మీ నడవడిని పక్కనపెట్టి మీ బుద్ధిని తప్పుపట్టడానికి ముందు ఈ మాత్రను అనుమానించడమే న్యాయం. ఈ సంగతి మీ వైద్యులిద్దరిలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే మోతాదు పెంచుదామన్న మాట పాత వైద్యుడి నోట వచ్చేది కాదని నా నమ్మకం.

ఇక కాళ్ల సంగతి. మీ బాధ పెరుగుతున్న తీరును వైద్యులు ఆగ్మెంటేషన్ అంటారు. ఏ మందు వల్ల మొదట్లో ఉపశమనం కలిగిందో ఆ మందే కొంతకాలానికి జబ్బును రెచ్చగొట్టడం దాని అర్థం. బాధ మునుపటి కంటే కొన్ని గంటల ముందే మొదలవుతుంది, కూర్చున్న కొద్ది నిమిషాలకే వస్తుంది, కాళ్ల నుంచి చేతులకు పాకుతుంది, మోతాదు పెంచితే కొన్ని నెలలు సర్దుకుని మళ్లీ మొదటికి వస్తుంది. ఈ నాలుగింటిలో మూడు మీ ఉత్తరంలో స్పష్టంగా ఉన్నాయి, రెండోది కూడా ఉన్నట్టే తోస్తోంది. ప్రామిపెక్సోల్ వంటి మందులు వాడేవారిలో ఏటా నూటికి ఏడెనిమిది మంది ఈ స్థితికి చేరుతారని అంచనా, ఏళ్లు గడిచే కొద్దీ ఆ సంఖ్య పోగుపడుతూ ఉంటుంది. జబ్బు దానంతట అది ముదరడానికీ దీనికీ తేడా పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు: మందు అసలు మొదలుపెట్టక ముందు మీ బాధ ఎన్ని గంటలకు వచ్చేది? రాత్రి పదింటికని మీరే రాశారు. ఇప్పుడు మధ్యాహ్నం మూడు. అంటే మందు లేని రోజుల కంటే మందు వేసుకుంటున్న ఈ రోజుల్లోనే మీ కాళ్లకు నెమ్మది తక్కువ.

పాత వైద్యుడి మీద మీ మనసులో కొంచెం కోపం ఉన్నట్టు ఉత్తరంలో అక్కడక్కడ కనిపించింది, అందుకే ఒక మాట. ఈ జబ్బుకు రోపినిరోల్‌కు 2005లో, ప్రామిపెక్సోల్‌కు 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం ఇచ్చింది. ఆ తరువాత చాలా ఏళ్లు ప్రపంచమంతటా మొదట రాసిన మందులు అవే. ఆలోచన మెల్లగా మారింది. 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఏడాది పాటు ప్రీగాబాలిన్ 300 మి.గ్రా. వాడినవారిలో నూటికి ఇద్దరికి, ప్రామిపెక్సోల్ 0.5 మి.గ్రా. వాడినవారిలో నూటికి దాదాపు ఎనిమిది మందికి ఆగ్మెంటేషన్ కనిపించింది. చివరకు 2025 జనవరిలో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ తన మార్గదర్శకాలు సవరించి, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులను, తగిన రోగులకు ఇనుము ఇంజక్షన్లను ముందుకు తెచ్చి, ప్రామిపెక్సోల్ వర్గాన్ని మామూలుగా వాడవద్దని సూచించింది. ఐదేళ్ల కిందట ఆయన రాసింది అప్పటి పద్ధతి, ఈ రోజు ఆ వైద్యురాలు చెబుతున్నది ఇప్పటి పద్ధతి. పెంచుదామన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. అమెరికాలో ఈ జబ్బుకు సిఫారసు చేసిన గరిష్ఠ మోతాదు రాత్రికి 0.5 మి.గ్రా. మీరు దాన్ని ఇప్పటికే దాటారు.

మందు కాగితంలో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అన్న పేరు చూసి భయపడ్డానని రాశారు. ఆ జబ్బుకూ ఈ మందే వాడతారు, రోజుకు 4.5 మి.గ్రా. దాకా కూడా ఇస్తారు. మందు ఒకటే అయినంత మాత్రాన జబ్బు ఒకటి కాదు. మీకున్నది పార్కిన్సన్స్ కాదు, దానికి తొలి మెట్టు కూడా కాదు. ఈ కాళ్ల బాధ వంశంలో నడిచే జబ్బు. స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ 1945లోనే దీనికి పేరు పెట్టి వివరంగా రాశారు, కానీ తడి తువ్వాలు కట్టుకున్న మీ అమ్మగారికి ఆ పేరు చెప్పినవారు లేకపోయారు.

మందు మార్పిడి గురించి మాట్లాడే ముందు, మంటకు గాలి కొడుతున్నవి ఏమైనా ఉన్నాయా అని చూడాలి. మీ జాబితాలో నాకు మూడు కనిపించాయి.

మొదటిది ఆ జంట మాత్ర, దాని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మన దేశంలో ప్రీగాబాలిన్ విడిగా దొరికినంత విరివిగానే ఇతర మందులతో కలిపి కూడా దొరుకుతుంది. కొన్నిటిలో మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్ ఉంటుంది, దానితో పెద్ద పేచీ లేదు. మరికొన్నిటిలో నార్‌ట్రిప్టిలిన్ ఉంటుంది. అరికాళ్ల మంటలకు, నరాల నొప్పులకు ఆ జంట బాగానే పనిచేయవచ్చు కానీ, నార్‌ట్రిప్టిలిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులు చాలామందిలో ఈ కాళ్ల అలజడిని పెంచుతాయి. కనుక ఆ ఆరు రోజుల్లో మీ కాళ్లను ఎక్కువ చేసింది ప్రీగాబాలిన్ అని చెప్పడానికి ఆధారం లేదు, పక్కనున్న మందే చేసి ఉండవచ్చు. పైగా 75 మి.గ్రా. అన్నది మొదలుపెట్టే మోతాదు మాత్రమే. చాలామందికి ఫలితం కనిపించేది క్రమంగా 150 నుంచి 450 మి.గ్రా. మధ్యకు చేరాకనే. ఇంకో సంగతి, ఏళ్ల తరబడి డోపమిన్ వర్గపు మందుకు అలవాటుపడిన ఒంటికి, ఆ మందు ఇంకా లోపల ఉన్నంతకాలం కొత్త మందు చప్పగానే అనిపిస్తుంది. ప్రీగాబాలిన్ మీకు పడదన్న తీర్పును దయచేసి రద్దు చేయండి. ఆ మందుకు మీ ఒంట్లో ఇంకా సరైన పరీక్ష జరగలేదు. ఈసారి కొనేటప్పుడు అట్ట వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదివి, ఒక్క పేరే ఉంటేనే తీసుకోండి.

రెండోది గ్యాసు గొట్టం. అందులోని లెవోసల్పిరైడ్ డోపమిన్‌ను అడ్డుకునే మందు. అంటే పొద్దున ఒక మాత్ర డోపమిన్ తలుపు మూస్తోంది, రాత్రి మరో మాత్ర అదే తలుపును తోస్తోంది. నాలుగేళ్లుగా అది నిజంగా అవసరమేనా, అది లేకుండా కడుపు మంటకు వేరే ఏర్పాటు ఉందా అని అది రాసిచ్చిన వైద్యుణ్ణి అడగండి. రాబెప్రజోల్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆమ్లం తగ్గితే మనం తినే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఈ రెండో విషయం కింద మళ్లీ వస్తుంది.

మూడోది జలుబు మాత్ర. దుకాణాల్లో అడగగానే ఇచ్చే చాలా జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. అది మెదడులోకి వెళ్లి మగతనిస్తుంది, కాళ్ల బాధను మాత్రం రేపుతుంది. తుమ్ములకు ఫెక్సోఫెనడిన్ వంటి, మగత అంతగా కలిగించని మందు ఇవ్వమని అడగవచ్చు.

ఇప్పుడు ఇనుము. నా దృష్టిలో మీరు ఈ వారమే చేయవలసిన పని ఇదే. ఈ జబ్బులో మెదడుకు ఇనుము చాలకపోవడం ఒక ముఖ్య కారణం. హిమోగ్లోబిన్ ఫరవాలేదనిపించినా ఒంట్లో నిల్వలు అడుగంటి ఉండవచ్చు, ఆ నిల్వను చెప్పేది ఫెరిటిన్. రక్త పరీక్ష కేంద్రాల కాగితం మీద మామూలు అని అచ్చు వేసే హద్దు పది, పదిహేను నానోగ్రాముల దగ్గరే మొదలవుతుంది కనుక, 18 వచ్చినా ఎర్ర గీత పడదు, చూసినవారు బాగానే ఉందంటారు. కానీ ఈ జబ్బు ఉన్నవారికి హద్దు వేరు. ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత వరకు నిండి ఉందో చెప్పే లెక్క) 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వాలనీ, ఫెరిటిన్ 75కూ 100కూ మధ్య ఉంటే నరం ద్వారా ఇచ్చే ఇనుమును మాత్రమే ఆలోచించవచ్చుననీ నిపుణుల సూచన. ముట్లు ఆగేదాకా ఏళ్ల తరబడి అధిక రక్తస్రావంతో బాధపడ్డానని మీరు రాశారు, నాలుగేళ్లుగా ఆమ్లం తగ్గించే మందు వాడుతున్నారు. నిల్వలు నిండుగా ఉంటే నాకు ఆశ్చర్యమే. ఉదయం పరగడుపున, జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేని రోజున, అంతకు ముందు ఒకటి రెండు రోజులు ఇనుము మాత్రలేవీ వేసుకోకుండా ఈ రెండు పరీక్షలూ చేయించండి. తక్కువ వస్తే మాత్రలా, ఇంజక్షనా అన్నది వైద్యుడితో మాట్లాడుకోవాలి. మాత్రలు చవక, కానీ నెలలు పడుతుంది, గ్యాసు మందు వల్ల మీకు సరిగా పట్టకపోవచ్చు, టీతో పాటు వేసుకుంటే ఇంకా పట్టదు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ వంటి ఇంజక్షన్ ఆసుపత్రిలోనే ఎక్కించాలి, ఖర్చు ఎక్కువ, అరుదుగా అలర్జీ రావచ్చు, ఒంట్లో ఫాస్ఫేట్ తగ్గవచ్చు, ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. పరీక్ష లేకుండా మాత్రం ఇనుము మొదలుపెట్టవద్దు, ఎక్కువైన ఇనుము కాలేయానికి చేటు.

ఇక మీ ముందున్న దారులు.

ఉన్న మందునే పెంచడం ఒక దారి. రెండు, మూడు నెలలు హాయిగా ఉండవచ్చు. తరువాత ఇదే ఉత్తరం మీరు మళ్లీ రాయవలసి వస్తుంది, అప్పటికి మోతాదు ఎక్కువ ఉంటుంది కనుక దిగడం ఇంకా కష్టమవుతుంది. చీరల విషయం తెలిశాక ఈ దారి మీకు తగదనే చెబుతాను.

ఉన్న మోతాదును కదిలించకుండా ఇనుము సరిచేసి, పైన చెప్పిన మూడింటినీ దూరంగా ఉంచి రెండు, మూడు నెలలు చూడటం రెండోది. కొందరికి ఇదే చాలుతుంది. బాధ తగ్గితే తరువాత మందు తగ్గించడం కూడా తేలికవుతుంది. కానీ ఆ నెలల్లో కొనుగోళ్ల తహతహ అలాగే ఉంటుంది. అప్పు పెరగకుండా గట్టి ఏర్పాటు చేసుకోగలిగితేనే ఈ దారి ఎంచుకోండి.

అదే వర్గంలో, రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే మందుకు మారమని కూడా ఎవరైనా సూచించవచ్చు. మధ్యాహ్నపు బాధ కొంతకాలం తగ్గవచ్చు, కానీ వర్గం మారలేదు కనుక మూల సమస్య, కొనుగోళ్లు రెండూ పోవు.

నాలుగోది ఆ వైద్యురాలు చెప్పినదే. ముందు ప్రీగాబాలిన్ లేదా గాబాపెంటిన్ చిన్న మోతాదులో మొదలుపెట్టి, పనిచేసే స్థాయికి మెల్లగా పెంచి, ఆ తరువాత ప్రామిపెక్సోల్‌ను మెట్లు మెట్లుగా దించడం. నా మొగ్గు దీనివైపే. సాధారణంగా ఒక్కో మెట్టు 0.125 మి.గ్రా. చొప్పున దిగితే 0.75 నుంచి సున్నాకు ఆరు మెట్లు. మెట్టుకు వారం పట్టినా, రెండు వారాలు పట్టినా ఒకటిన్నర నుంచి మూడు నెలల పని. ఏ మెట్టు మీద ఎన్నాళ్లు ఆగాలి, సాయంత్రపు మాత్ర ముందు తగ్గించాలా, రాత్రిదా అన్నది మిమ్మల్ని చూస్తున్న వైద్యురాలు నిర్ణయించాలి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని రాత్రులు బాధ ఎగసిపడుతుంది, అన్నిటికంటే కష్టమైనది చివరి మెట్టు. పూర్తిగా మానిన తరువాత నాలుగైదు రాత్రుల నుంచి పది రాత్రుల దాకా నిద్ర బాగా కరువవుతుంది. దసరాలో మీరు చూసిన మూడు రాత్రులు అదే, కాకపోతే ఆరు మెట్లూ ఒక్క దూకులో దూకారు. మీరు ఓడిపోలేదు, ఎవరికైనా అలాగే జరుగుతుంది. మళ్లీ అలా ఒక్కసారిగా మాత్రం మానవద్దు.

అందుకే చివరి మెట్టును వేసవి సెలవుల్లో పడేలా లెక్క వేసుకోమని నా సూచన. మర్నాడు బడికి వెళ్లాలన్న ఆందోళన లేకపోతే సగం బరువు దిగుతుంది. ఆ రాత్రులు పడుకోవడానికి ప్రయత్నిస్తూ మంచం మీద పెనుగులాడకండి. నిలబడి చేసే పని ఏదైనా ముందే సిద్ధం చేసుకోండి. ఇస్త్రీ కావచ్చు, పప్పు ఏరడం కావచ్చు, మీరు నిలబడి పేపర్లు దిద్దడం ఎలాగూ నేర్చుకున్నారు. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకోవడం, పిక్కలు మర్దన చేయించుకోవడం కొంత ఆసరా ఇస్తాయి. సాయంత్రం తరువాత కాఫీ, టీలు వద్దు. ఆ పది రోజులు గడవడానికి కొందరికి నిపుణులు చాలా తక్కువ మోతాదులో నల్లమందు జాతి మందులు తాత్కాలికంగా ఇస్తారు. కానీ అలవాటయ్యే గుణం ఉన్నవి కనుక, మన దేశంలో వాటి మీద కట్టుబాట్లు ఉన్నాయి కనుక, నాడీ వైద్య నిపుణుల పర్యవేక్షణలోనే తప్ప ఆ ఊసు వద్దు. దుకాణంలో ఎవరైనా ఆ జాతిదే అయిన ట్రమడాల్ ఇస్తామంటే తీసుకోకండి, దానితో కూడా ఆగ్మెంటేషన్ వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

కొత్త మందుకూ వెల ఉంది, దాచను. ప్రీగాబాలిన్‌తో మొదటి వారాల్లో తల తూలడం, మగత ఉంటాయి. స్కూటీ మీద బడికి వెళ్తానని రాశారు, మోతాదు పెంచిన ప్రతిసారీ కొన్ని రోజులు ఆటోలో వెళ్లండి. బరువు పెరగవచ్చు, పాదాలు వాయవచ్చు, కొందరికి మనసు దిగులుగా మారుతుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే మోతాదు తగ్గించాలి కనుక ముందుగా క్రియాటినిన్ చూపించుకోండి. గట్టిగా గురక పెట్టే అలవాటు ఉంటే వైద్యురాలికి తప్పక చెప్పండి, నిద్రమాత్రలు, నల్లమందు జాతి మందులతో కలిస్తే ఇది శ్వాసను మందగింపజేస్తుంది. ఇవన్నీ ఉన్నా, మీ పరిస్థితిలో ఈ వెల ప్రామిపెక్సోల్ మీ చేత కట్టిస్తున్న వెల కంటే తక్కువని నా అభిప్రాయం. ఆరు నెలల తరువాత దుష్ఫలితాలు భరించలేనట్టు ఉంటే గాబాపెంటిన్‌కు మారవచ్చు, మోతాదు తగ్గించవచ్చు. తిరిగి ఆలోచించుకునే వీలు ఈ దారిలో ఎప్పుడూ ఉంటుంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. డోపమిన్ వర్గపు మందు తగ్గించేటప్పుడు కొందరికి కాళ్ల బాధతో పాటు విపరీతమైన ఆందోళన, చెమటలు, దిగులు, ఏడుపు వస్తాయి. కొనుగోళ్ల వంటి దుష్ఫలితం ఉన్నవారిలో ఇది రావడానికి అవకాశం ఎక్కువ. అందుకే ఇంట్లో ఒకరికైనా విషయం తెలిసి ఉండాలి. బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే ఇంట్లోవాళ్లను లేపండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి, తెల్లవారాక వైద్యురాలిని కలవండి. తగ్గించే వేగం మార్చుకుంటే సరిపోయే ఇబ్బందిని భరించి కూర్చోవద్దు.

వైద్యురాలి దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం మీద ఐదేళ్ల మోతాదుల తేదీలు, ఆయా కాలాల్లో బాధ మొదలైన గంట, చేతులకు పాకిన నెల, కొనుగోళ్లు మొదలైన నెల రాసుకుని వెళ్లండి. మీరు వాడే ప్రతి మందు అట్టనూ, గ్యాసు గొట్టాన్నీ జలుబు మాత్రనూ కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. సాధ్యమైతే పాత వైద్యుడికి కూడా ఆ కాగితం చూపించండి. ఆయన చూస్తున్న మిగతా రోగులకూ అది పనికి రావచ్చు.

డబ్బు సంగతి. మందు తగ్గుతున్న కొద్దీ తహతహ కూడా వారాల్లో, నెలల్లో సన్నగిల్లడం మామూలుగా జరుగుతుంది, కానీ చేసిన అప్పు దానంతట అది పోదు. ఫోనులో భద్రపరిచిన కార్డు వివరాలు ఈ రోజే తీసేయండి, కార్డును మీ చేతిలో ఉంచుకోకండి. పొట్లం విప్పని చీరల్లో వాపసు గడువు మిగిలినవి ఏవైనా ఉంటే పంపేయండి. ఈ పనులన్నీ ఒక్కరే చేయడం కష్టం. చెబితే భర్త ఏమంటారోనన్న భయం మీ ఉత్తరంలో ఉంది, కానీ అర్ధరాత్రి మీరు హాలులో నడుస్తుంటే లేచి వచ్చి ఏమీ మాట్లాడకుండా గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారని కూడా అదే ఉత్తరంలో రాశారు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ జవాబులో మందు గురించి నేను రాసిన మొదటి పేరాను ముందు ఆయనకు చదివి వినిపించి, ఆ తరువాత బీరువా తెరవండి.